గవదల గొలుసు

సుబ్బరావమ్మకు వైద్యం రాదు. ఆ మాట అందరికంటే ముందు ఆమే చెప్పేది. అయినా వినుకొండకు పన్నెండు మైళ్ళ అవతలున్న ఆ ఊళ్ళో ఏ పిల్లకైనా చెవి కింద కాస్త వాపు కనపడితే చాలు, తల్లి నేరుగా ఆమె గుమ్మంలోకే వచ్చేది. గవదబిళ్ళలకు మెడలో బంగారు గొలుసు వేస్తే వాపు లాగేస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. తులమో అరతులమో బంగారం చాలా ఇళ్ళల్లో ఉంటుంది గానీ, గవదలకు మాత్రం సుబ్బరావమ్మ గొలుసే కావాలి. పూసలూ రాళ్ళూ లేని సాదా గొలుసు అది. పొదిలి దగ్గర పుట్టింటివాళ్ళు పెళ్ళికి పెట్టారు. ముప్పై ఏళ్ళలో ఆ గొలుసు వేసిన ప్రతి పిల్లకీ వారం పది రోజుల్లో వాపు తగ్గింది. వేయకపోయినా ఆ వారం పది రోజుల్లోనే తగ్గేదని చెప్పే మనిషి ఊళ్ళో ఎవరూ లేరు.

ఆమె హస్తవాసి మంచిదనేవాళ్ళు. ఈ మాట మనిషిని నెమ్మదిగా పాడుచేస్తుంది. మొదట నవ్వి ఊరుకుంటాం, తర్వాత అవునేమో అనుకుంటాం, ఆ తర్వాత ఎవరైనా అనకపోతే నొచ్చుకుంటాం. సుబ్బరావమ్మ నొచ్చుకునే దశకు చేరి చాలా ఏళ్ళయింది. భర్త పోయి పదకొండేళ్ళు. కూతుర్ని మార్టూరు ఇచ్చింది. ఎకరంన్నర మిరప, ఎకరం పత్తి తనే చూసుకునేది. పత్తికి పురుగు తగిలిన ఏడాది గేదెను అమ్ముకుంది గానీ గొలుసు జోలికి పోలేదు. ఊళ్ళో ఆమెను పెద్దమనిషిని చేసింది ఆ గొలుసే మరి. దానికి నియమాలు కూడా పెట్టింది. తన చేత్తోనే వేయాలి, వాపు తగ్గేదాకా తీయకూడదు, వేసిన చెయ్యే తీయాలి. ఇవన్నీ ఎవరు చెప్పారంటే మా అమ్మ అనేది. వాళ్ళమ్మ చెప్పిందో లేదో మనకు తెలియదు.

రెండువేల రెండు, ఫిబ్రవరి నెల. మిరపకాయ కోతలు జోరు మీదున్నాయి. ఆ రోజుల్లో ఊరి ఆడవాళ్ళ చేతులు వాళ్ళ చేతులు కావు. పొద్దుట్నుంచి కాయ కోసి, కల్లంలో రంగు పోయిన తాలుకాయ ఏరి, సాయంత్రానికి అరచేతులు భగభగమంటుంటాయి. మజ్జిగతో కడిగినా, కొబ్బరినూనె రాసినా ఆ ఘాటు పూర్తిగా వదలదు. అందుకే కోతలప్పుడు తల్లులు పిల్లల మొహం ముట్టుకోరు. కంట్లో నలక తీద్దామన్నా, నోట్లో వేలు పెడదామన్నా పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. కాబట్టి ఆ రెండు నెలలూ పళ్ళు తోముకోవాల్సిందీ పిల్లలే, తోముకున్నామని చెప్పేదీ పిల్లలే. బడి ముందు పుల్లైసు బండికీ జీళ్ళ సీసాలకీ మాత్రం అప్పుడే మంచి గిరాకీ. తెల్లారకముందే చేనికి పోయే తల్లి పిల్ల చేతిలో రూపాయి పెట్టి పోతుంది.

సుబ్బరావమ్మ పక్కిల్లు కోటేశ్వరిది. ఆమె కూతురు ఉదయశ్రీకి ఏడేళ్ళు, రెండో తరగతి. తల్లి చేలో ఉన్నంతసేపూ ఆ పిల్ల మకాం సుబ్బరావమ్మ అరుగు మీదే. పలక పట్టుకుని పక్కన కూర్చుని ఎక్కాలు అప్పజెబుతూ, తప్పు చెప్పినా పట్టుకోలేదని సుబ్బరావమ్మ మామ్మను ఏడిపించేది. జనవరిలో ఆ పిల్ల కింది దవడ పన్ను నొప్పని వారం రోజులు ఏడ్చింది. కోటేశ్వరి లవంగం నూరి పెట్టింది. డాక్టరుకు చూపించనా అని అడిగితే, ఊడిపోయే పాలపళ్ళకు డాక్టరెందుకే అని సుబ్బరావమ్మే అంది. ఊళ్ళో అందరూ అనేది కూడా అదే. కొన్నాళ్ళకు నొప్పి దానంతటదే పోయింది. నొప్పి పోయింది కాబట్టి జబ్బు కూడా పోయిందనుకున్నారు. పిల్ల మళ్ళీ జీళ్ళు నమలసాగింది, అందరూ ఆ సంగతి మరిచిపోయారు.

అంతలో బడిలో గవదలు మొదలయ్యాయి. మూడు వారాల్లో ముగ్గురు పిల్లలకు వచ్చాయి. గొలుసు ఒక మెడలోంచి ఇంకో మెడలోకి తిరిగింది, సుబ్బరావమ్మకు తీరిక లేకుండా పోయింది. ఒక సోమవారం పొద్దున్నే కోటేశ్వరి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. రాత్రి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉందట, దవడ వాచిందట. సుబ్బరావమ్మ కాళ్ళు కడుక్కుని, గొలుసు తీసి, పిల్ల మెడలో వేసింది. వేసేటప్పుడు చూసింది. అందరు పిల్లలకూ చెవి తమ్మె కింద వస్తుంది, ఈ పిల్లకు గడ్డం కింద వచ్చింది. గట్టిగా, చెక్కలా ఉంది. అదేమిటి అని ఆమె మనసులో ఒక్క క్షణం అనిపించింది. కానీ కోటేశ్వరి ఎదురుగా నిలబడి తన మొహంలోకే చూస్తోంది. "గవదలే. కాస్త కిందకి దిగాయి, అంతే" అంది సుబ్బరావమ్మ. తర్వాత ఆ మాట ఆమెను ఎన్నాళ్ళు తిననివ్వలేదో, ఎన్నాళ్ళు పడుకోనివ్వలేదో ఆమెకే తెలుసు.

సోమవారం గొలుసు పిల్ల గుండెల మీదకు వేలాడుతూ ఉంది. పెద్దవాళ్ళ గొలుసు కదా, రెండు పేటలుగా చుట్టి వేసినా వదులుగానే ఉంది. మంగళవారం సాయంత్రానికి పై పేట మెడకు తగులుతోంది. బుధవారం పొద్దున సుబ్బరావమ్మ గొలుసు కింద వేలు దూర్చబోతే దూరలేదు.  గవదలు ఇలా పెరగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ మధ్యాహ్నం కోటేశ్వరి చేను వదిలేసి వచ్చింది. మొగుడు చెంచయ్య మిరప టిక్కీల బస్తాలతో గుంటూరు యార్డుకు పోయి నాలుగు రోజులైంది, తూకానికి ఇంకా కాటా పడలేదు. వినుకొండ తీసుకుపోతాను అత్తా, నాకు భయంగా ఉంది, అంది. సుబ్బరావమ్మకు అంతకంటే ఎక్కువ భయంగా ఉంది. అయినా ఆమె నోటి నుంచి వచ్చింది వేరు. గవదలకు సూది పడకూడదంది, మధ్యలో గొలుసు తీస్తే విషం లోపలికి తిరుగుతుందంది, ఇంకో రెండు రోజులు ఓపిక పట్టమంది. ఇందులో ఒక్క ముక్కకైనా ఆధారం లేదు. తన చెయ్యి తప్పిందని ఒప్పుకోవడానికి నోరు రాక అన్నదంతే. మన పెద్దరికాలు ఇంత పనీ చేస్తాయి.

గురువారం తెల్లవారి ఏడింటికి కోటేశ్వరి గోడ మీంచి పిలిచిన పిలుపుకే సుబ్బరావమ్మ చేతిలో పని వదిలేసింది. వెళ్ళి చూస్తే ఉదయశ్రీ మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. పడుకోబెడితే పెనుగులాడి లేస్తోందట. మెడ ముందుకు చాచి, నోరు కాస్త తెరిచి, చొంగ కారుస్తూ ఊపిరి లాక్కుంటోంది. గడ్డానికీ మెడకూ తేడా లేదు, అంతా ఒకటే వాపు. ఎర్రగా నిగనిగలాడే ఆ వాపులో గొలుసు సగం మునిగిపోయింది. పిల్ల ఆమెను చూసి మామ్మా అనబోయింది. నోట్లో ఉడుకు ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు ఏదో వినపడింది.  "ఆటో పిలువు" అంది సుబ్బరావమ్మ.

సెవన్ సీటర్ ఆటోలో పిల్లను సుబ్బరావమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. రోడ్డు గతుకులకు పిల్ల కుదుపు తిన్నప్పుడల్లా గొంతులో గురగుర. ఆ నోటి నుంచి ఒక కంపు వచ్చింది. గేదె గిట్టకు చీము పట్టినప్పుడు వచ్చే కంపు అది. గవదలకు కంపు రాదు. అది ఆమెకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. లోపల చూద్దామంటే చేతులకింకా నిన్నటి మిరప ఘాటు ఉంది. పైట చెంగు వేలికి చుట్టుకుని పిల్ల పెదవిని పక్కకు లాగింది. నోరు వేలెడంత కూడా తెరుచుకోలేదు. ఆ సందులోంచే కనపడింది. నాలుక పైకి లేచి అంగిట్లోకి తోసుకుపోయింది. పక్కన కింది దవడ పన్ను నల్లగా, గుల్లగా, దాని చుట్టూ పచ్చటి చీము.

"పన్ను నొప్పి ఎప్పుడు పోయింది దీనికి?" అని అడిగింది. కోటేశ్వరి ఏడుస్తూ, నెల కావస్తోందంది. పోయిన నొప్పి పోలేదు, లోపలికి దిగిందన్నమాట.  ఒళ్ళో పిల్ల ఊపిరి లాగడం, ఆగడం, మళ్ళీ లాగడం. ఆగినప్పుడల్లా తన ఊపిరి కూడా ఆగుతోంది.

వినుకొండ వచ్చేలోపల కోటేశ్వరి ఆమె మోకాలు పట్టుకుని ఒక్కటే బతిమాలింది. ఎన్నాళ్ళయిందో డాక్టరుతో చెప్పొద్దు, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావే అని నలుగురిలో తిడతాడు, నిన్న రాత్రి నుంచేనని చెబుదాం అంది. మన పల్లెల్లో డాక్టరు దగ్గర నిజం చెప్పేవాళ్ళు తక్కువ. రోగం కంటే డాక్టరు తిట్టే తిట్లకు భయం ఎక్కువ. సుబ్బరావమ్మ సరే అనలేదు, వద్దనీ అనలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే ఆమెకు కాస్త ప్రాణం కుదుటపడింది. నిన్న రాత్రి నుంచే అంటే సోమవారం ఎవరేమన్నారో ఎవరూ అడగరు కదా.

ఆసుపత్రి వరండా నిండా జనం. ముప్పై మందైనా ఉన్నారు. గుమ్మంలో చీటీలు రాసే కాంపౌండరు పిల్లను దూరం నుంచే చూశాడు. వాచిన మెడ, మెడలో గొలుసు. అతనికి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. గవదలా, పసిపిల్లలకు దూరంగా ఆ చివర బల్ల మీద కూర్చోండి, గవదలకు తొందరేముంది, వరసలో పిలుస్తాను అన్నాడు.  ఇద్దరూ వెళ్ళి బల్ల మీద కూర్చున్నారు.

ఎదురుగా గోడ గడియారం ఉంది. ఎనిమిదీ ఇరవై. వరండాలోకి వచ్చిన ప్రతివాళ్ళూ పిల్ల మెడలో గొలుసు చూసి, గవదలే పాపం అని పక్కకు తప్పుకుంటున్నారు. తన గొలుసే అందరికీ అబద్ధం చెబుతోందని సుబ్బరావమ్మకు అప్పుడు తట్టింది. చెప్పేస్తే? పిల్లకు ఏదైనా అయితే ఊరంతా తననే అంటుంది. సుబ్బరావమ్మ గొలుసు వేసి చంపిందంటారు. చెంచయ్య గుంటూరు నుంచి వచ్చి తన గుమ్మంలో నిలబడి అడుగుతాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఎనిమిదీ ఇరవై ఐదు. పిల్ల పెదవులు నీలంగా మారుతున్నాయి. చేయి జాపి ఆమె జాకెట్టు పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు.

సుబ్బరావమ్మ గొలుసు మీద చెయ్యి వేసింది. కొక్కెం మెడ పక్కకు జరిగి వాపులో కూరుకుపోయి ఉంది. వేళ్ళకు అది దొరకలేదు. వంగి, పైకి కనపడుతున్న ఒక లింకును పంటి కింద పెట్టి కొరికింది. రెండోసారికి తెగింది. పిల్ల మెడ చుట్టూ గొలుసు అచ్చు ఎర్రటి గీతలా మిగిలింది. తెగిన గొలుసు ఎక్కడ పడిందో చూసుకోకుండా పిల్లను ఎత్తుకుని, అడ్డం వచ్చిన కాంపౌండరును భుజంతో తోసుకుని డాక్టరు గదిలోకి పోయింది.

"ఇవి గవదలు కావండి. పన్ను. నాలుగు రోజులైంది. గవదలని చెప్పింది నేనే. నిన్న తీసుకొస్తానంటే వద్దన్నదీ నేనే" అంది. వెనకాలే వచ్చిన కోటేశ్వరి అలా నిలబడిపోయింది.

డాక్టరు తిట్టలేదు. తిట్టడానికి కూడా టైం లేనంతగా ఉందని సుబ్బరావమ్మకు అర్థమై ఇంకా భయపడింది. ఆయన టార్చి వేసి చూసి, గడ్డం కింద రెండువైపులా నొక్కి, నర్సును కేకేసి రెండు సూదులు వేయించాడు. పంటి చీము నాలుక కిందకు, అక్కణ్ణుంచి గొంతు చుట్టూ పాకిందన్నాడు, ఊపిరి దారి మూసుకుపోతోందన్నాడు, తను ఇక్కడ కోయలేనన్నాడు. ఎవరిదో జీపు మాట్లాడించి గుంటూరు పెద్దాసుపత్రికి పంపాడు. పిల్లను పడుకోబెట్టొద్దు, ఒక్క నిమిషం కూడా పడుకోబెట్టొద్దు అని రెండుసార్లు చెప్పాడు. నాలుగు రోజులని ముందే తెలియడం మంచిదైందని కూడా అన్నాడు, కానీ అది సుబ్బరావమ్మ చెవిన పడలేదు.

వినుకొండ నుంచి గుంటూరు ఆ జీపులో రెండు గంటలు. నరసరావుపేట దాటాక మిరప లారీలు రోడ్డంతా ఆక్రమించి కదలవు. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. సుబ్బరావమ్మ పిల్ల వీపును తన గుండెకు ఆనించుకుని, తల నిలబెట్టి పట్టుకుని కూర్చుంది. చేతులు తిమ్మిరెక్కినా మార్చుకోలేదు. మార్చుకునే ఆ కాస్తలో పిల్ల ఊపిరి పోతుందేమోనని భయం. కోటేశ్వరి పక్కనే ఉంది గానీ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. చిలకలూరిపేట రోడ్డు కలిసే దగ్గర ఒకసారి పిల్ల మెడ వాల్చేసింది. సుబ్బరావమ్మ చెంప మీద గట్టిగా కొట్టింది, కన్నతల్లి పక్కనుండగానే కొట్టింది. పిల్ల కళ్ళు తెరిచింది.

గుంటూరులో పిల్లను నేరుగా లోపలికి తీసుకుపోయారు. తలుపు మూశాక ఇద్దరాడవాళ్ళూ చెరో గోడకు కూలబడ్డారు. కబురందుకుని యార్డు నుంచి చెంచయ్య పరుగెత్తుకుని వచ్చాడు, ఒంటి నిండా మిరప దుమ్ము. ఏమైందని అడిగాడు. కోటేశ్వరి సుబ్బరావమ్మ వైపు చూసింది. నువ్వు చెప్పనక్కర్లేదన్నట్టో, లేక నువ్వే చెప్పు అన్నట్టో, సుబ్బరావమ్మకు తెలియలేదు. ఆమె మొత్తం చెప్పింది, సోమవారం నుంచి. చెంచయ్య విని, ఏమీ అనకుండా వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. కొట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

మధ్యాహ్నం మూడింటికి డాక్టరు బయటికొచ్చాడు. గడ్డం కింద రెండుచోట్ల కోసి చీము తీశామన్నాడు, ఊపిరికి గొట్టం వేశామన్నాడు, ఇంకో పూట ఆలస్యమైతే చేయడానికి ఏమీ ఉండేది కాదన్నాడు. చేతిలో ఒక చిన్న గిన్నె ఉంది. అందులో పన్ను. శనగ గింజంత లేదు. సుబ్బరావమ్మ దాన్ని చూస్తూ, ఇదేనా అండీ అని అడిగింది. ఇదే అన్నాడాయన. ఆమె అప్పుడు ఏడ్చింది. పొద్దుట్నుంచి రాని ఏడుపు అప్పుడు ఆగలేదు.

పదిహేను రోజులకు ఉదయశ్రీ గడ్డం కింద కట్టుతో ఇంటికొచ్చింది. ఊళ్ళో జరిగింది ఇంకోలా తిరిగింది. సుబ్బరావమ్మ గొలుసు మెడలో ఉండబట్టే గుంటూరు దాకా ప్రాణం నిలిచిందన్నారు. ఆమె ఇంటింటికీ పోయి కాదని చెప్పింది, నా వల్లే ఆలస్యమైందని చెప్పింది. పెద్దమనసు కాబట్టి అలా అంటోందన్నారు. అది విన్న దగ్గర్నుంచి ఆమెకు ఒకటే ఆలోచన. రేపు ఇంకో తల్లి వస్తుంది, ఆ గొలుసు పోయిందంటే ఇంకో గొలుసు వేయమంటుంది, నోట్లో ఏముందో ఎవరూ చూడరు. నిద్రలో ఆమెకు పిల్లల మెడలే కనపడేవి.

ఏప్రిల్లో కోతలు అయిపోయాయి. సుబ్బరావమ్మ మూడు రోజులు చేతులకు నూనె రాసి, మజ్జిగతో కడిగి, నాలుకతో తాకి చూసుకుంది. మంట లేదు. బడి పంతులు వేణుగోపాల్ గారి దగ్గరకు పోయి, పిల్లల నోళ్ళు చూస్తానండి అని అడిగింది. ఆయన ముందు నవ్వాడు, తర్వాత ఆమె మొహం చూసి మానేశాడు. పిల్లలందర్నీ వరండాలో వరసగా నిలబెట్టాడు. టార్చి చేత్తో పట్టుకుని ఆమె ఒక్కొక్కరి ముందూ ఆగింది. పిల్లలకు అది ఆట. ఒకరిని చూసి ఒకరు నవ్వుతూ, ఆ అంటూ తెరిచారు. ముప్పై నలుగురిలో ఇరవై ముగ్గురికి నల్ల పళ్ళు. ముగ్గురికి చిగురు మీద చీముపొక్కు. పేర్లు పంతులు కాగితం మీద రాసుకుంటున్నాడు. నిన్నటిదాకా అరుగు మీద ఎదురుగా నవ్వుతూ తిరిగిన నోళ్ళే ఇవన్నీ. 

చివర్న ఉదయశ్రీ. కట్టు విప్పేశారు, గడ్డం కింద రెండు గీతలు గులాబీ రంగులో మెరుస్తున్నాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ పిల్ల అరుగు మీదకు రావడం మానేసింది. సుబ్బరావమ్మ ఎదురుగా వంగేసరికి, మామ్మ చేతులు దగ్గరకొస్తుంటే, పిల్ల గబుక్కున రెండు చేతులతో తన మెడ గట్టిగా కప్పుకుంది. సుబ్బరావమ్మ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఒక్క అడుగు వెనక్కి వేసి, చేతులు రెండూ తన వెనక పెట్టుకుని, ముట్టుకోనమ్మా, దూరం నుంచే చూస్తాను అంది.

పిల్ల కాసేపు ఆమెనే చూసింది. మెడ మీద చేతులు తీయలేదు. అలాగే పట్టుకుని నోరు ఎంత తెరవగలదో అంతా తెరిచింది.

సుబ్బరావమ్మ టార్చి పంతులి చేతికిచ్చి వేయించుకుని, దూరం నుంచే చూసింది. తీసేసిన పంటి ఖాళీ కనపడింది. దాని పక్క పంటి మీద ఆవగింజంత నల్లచుక్క ఉంది. బడి నుంచి నేరుగా చేనికి నడిచి, పత్తికట్టె పీకుతున్న కోటేశ్వరి దగ్గరకు వెళ్ళి, రేపు పొద్దుటి బస్సుకు వినుకొండ పోవాలని చెప్పింది. కోటేశ్వరి కట్టె కింద పడేసి, నువ్వూ రా అత్తా అంది.